చూడని దినపు ముడి

ఎర్రిసామి ఒక ముడి వేసినాడు. వేయకూడని ముడి. అది వేసిన దినం నుంచి ఆరున్నర నెలలు వానికి తిన్న కూడు ఒంటబట్టలేదు.

ఈ కథను మా ఎనుమలదిన్నెలో ఇప్పుడు తలా ఒక రకంగా చెబుతారు. ఒకడు దాంట్లోకి మంత్రం తెచ్చినాడు, ఇంకొకడు కల తెచ్చినాడు. అవేవీ లేవు. నేను అక్కడ ఉన్నా. జరిగింది జరిగినట్టు చెబుతా, వినేవాళ్ళు వినండి.

ఎర్రిసామి గురువు పేరు నాగూరప్ప. దూదేకులాయన. పీర్ల చావిడి పక్కన కొట్టంలో దూది ఏకుకుంటూ బతికినాడు. చదువు లేదు, వేలిముద్రే. అయినా చుట్టు పదహారు ఊర్ల రైతులు విత్తనం సంచి విప్పేముందు ఆయన్ని అడిగి విప్పేవాళ్ళు.

చీమలు గుడ్లు మోసుకొని మిట్టకెక్కితే వాన. పిచ్చుకలు దుమ్ములో పొర్లితే వాన. చంద్రుని చుట్టూ గుడి, అదే వెలుగు వలయం, దూరంగా కడితే వాన దగ్గర. ఇవి మా ఊర్లో ముసలమ్మలకూ తెలుసు. ఇవన్నీ రేపటి మాట, ఎల్లుండి మాట చెబుతాయి. నాగూరప్ప లెక్క వేరే. మబ్బు చలికాలంలో చూలు కడుతుంది అనేవాడు. ఆడమనిషి తొమ్మిది నెలలు మోసినట్టు అది ఆరున్నర నెలలు మోస్తుంది. నూట తొంభై అయిదు దినాలు. ఏ దినం కట్టిందో చూసి పెట్టుకుంటే ఏ దినం కంటుందో చెప్పొచ్చు. తూర్పు గాలికి కట్టిన చూలు పడమటి గాలికి కంటుంది. అంతే.

అంతే అంటే అంత సులువు కాదు. మార్గశిరం మొదలుకొని మాఘం పోయేదాకా ఒక్క దినం తప్పకుండా, పొద్దు పొడవకముందే ఊరి వెనక మిట్ట ఎక్కాల. తూర్పు గాలి చెంపకు మెత్తగా తగలాల. మంచు పొగ మాదిరి నేలకు అంటుకొని ఉండాల. పొడిచిన పొద్దు చుట్టూ గుడి కట్టాల. మిట్ట దిగి వచ్చి, దూదేకే విల్లు నరం ఒక్కసారి మీటాల. పొడి గాలికి నరం కంగుమంటుంది, తేమ గాలికి మొద్దుగా పలుకుతుంది. ఇన్నీ కలిసిన దినం మబ్బు చూలు కట్టినట్టు. ఆ దినానికి జనుము తాడు మీద పెద్ద ముడి. కలవని దినానికి చిన్న ముడి.

దినానికొక ముడి, ఏడాదికొక తాడు. ముప్పై ఎనిమిది ఏండ్ల తాళ్ళు ఆయన కొట్టం దూలానికి వేలాడుతుండేవి. అంత పుస్తకం నేను ఏ బడిలోనూ చూడలేదు.

మృగశిర కార్తె నుంచి ఆయన ఆ తాడు చేతిలోకి తీసుకొని దినానికొక ముడి జరుపుకుంటూ పోయేవాడు. పెద్ద ముడి ఒంటిగా వస్తే, వాన పడుతుంది గానీ విత్తొద్దు అనేవాడు. ఒక్క వానకు గింజ ఆశపడి మొలుస్తుంది, పై వాన లేక మాడుతుంది. రెండు పెద్ద ముళ్ళు పక్కపక్కన వస్తే అది జంట ముడి. అప్పుడు విత్తనం వేసే గొర్రు కట్టమనేవాడు. మాది ఎర్రనేల, నీళ్ళు నిలపదు. జంట ముడి తెలియని ఊర్లలో ఎన్ని ఇండ్లు రెండోసారి విత్తనం లేక చేను బీడు పెట్టుకున్నాయో నేను చూసినా.

అరవై దాటినాక నాగూరప్ప కండ్లకు పొర వచ్చింది. ఎదురుగా మనిషి నిలబడితే నీడ మాదిరి తెలిసేది, అంతే. ఆయన కొడుకులు బళ్లారిలో మిల్లు పనికి పోయినారు. అప్పుడు ఎర్రిసామి వచ్చి కాళ్ళ కాడ కూర్చున్నాడు. ముప్పై ఏండ్ల మనిషి, నాలుగెకరాల చేను, మంచి కండ్లు. నేర్పు తాతా అన్నాడు. నేర్పినాడు. మూడో ఏటికి మిట్ట ఎక్కేది ఎర్రిసామి, నరం మీటేది ఎర్రిసామి, ముడి వేసేది కూడా ఎర్రిసామే. నాగూరప్ప తాడు తడిమి సరేననేవాడు.

మనిషికి ఛాతీ పెరగడానికి మూడేండ్లు చాలు. వీధిలో పోతుంటే చిన్న గురువు అని పిలిచేవాళ్ళు, వాడు కాదనలేదు. ఒకసారి అంగడి కాడ ఎవడో, ఏమప్పా చిన్న గురువూ, మా ఇంటామె అలిగి మూడు దినాలాయె, ఎప్పుడు కరుగుతుందో ముడి చూసి చెప్పు అన్నాడు. అందరూ నవ్వినారు. వాడు నవ్వకుండా, అది నా తాడులో లేదు అన్నాడు. నా తాడు అన్నాడు. ఆ మాట నాకు అప్పుడే గుచ్చుకుంది.

ఆ ఏడు పుష్యమాసంలో ఒక పొద్దున మిట్ట మీద అన్నీ కలిసినాయి. గాలి, మంచు, గుడి, నరం. ఎర్రిసామి పెద్ద ముడి వేసినాడు. ఆ సాయంత్రమే బామ్మర్ది ఊర్లో చెక్కభజన ఉందంటే పోయినాడు. చలి, భజన, బంధువుల మర్యాద. మర్నాడు మధ్యాహ్నానికి ఇల్లు చేరినాడు.

నాగూరప్ప కొట్టంలో చేయి చాచి కూర్చున్నాడు, తాడు కోసం.

"నిన్నటి మాదిరేనా?" అని అడిగినాడు.

వాడు చూడలేదు అనాల్సింది. ఊర్లో లేను తాతా అనాల్సింది. సిగ్గుపడినాడు. నిన్న అంత బాగా కట్టిన ఆకాశం ఒక్క రాత్రిలో ఎక్కడికి పోతుందిలే అనుకున్నాడు.

"అట్లే ఉండె తాతా," అన్నాడు. పెద్ద ముడి వేసి ఇచ్చినాడు.

తర్వాత మాఘం పోయేదాకా ఇంకొక పెద్ద ముడి పడలేదు. ఉగాదికి రైతులు వచ్చి అడిగితే నాగూరప్ప తాడు మొత్తం తడిమి, ఈ ఏడు జంట ముడి ఒకటే ఉంది, పునర్వసు కార్తెలో, అప్పటిదాకా ఎవరూ తొందరపడొద్దు అని చెప్పినాడు. ఊరంతా ఆ ఒక్క ముడి కోసం కూర్చుంది. అంతకుముందు ఏడు పంట సగమే. ఇంట్లో ఉన్నదే విత్తనం, పోతే మళ్ళీ లేదు.

ఎర్రిసామి చిక్కిపోయినాడు. వాని పెండ్లాం వేపాకు మండతో దిష్టి తీయించింది. ఆషాఢంలో ఇండ్ల ముందు ఆడవాళ్ళు విత్తనానికి చెనిక్కాయలు వలుస్తుంటే, ఆ టపటప వినలేక వాడు వేరే సందులో పోయేవాడు.

మొదటి ముడి చెప్పిన దినానికే వాన వచ్చింది. ఒక్క దినం అటూ ఇటూ కాలేదు. పొద్దు వాలేవేళ పడమటి గాలి లేచి, మబ్బు కమ్మి, జానెడు లోతు పదును అయ్యేటట్టు కురిసింది. నూట తొంభై అయిదు దినాల ముందు ఒక మనిషి చెంపకు తగిలిన గాలి, ఆ సాయంత్రం మా చేలలో నీళ్ళయి పారింది. ఈ మాట నమ్మనోళ్ళు నమ్మొద్దు. నేను తడిసినా.

మర్నాడు తెల్లారేసరికి ఊర్లో గొర్రులన్నీ బయటికి వచ్చినాయి. ఎర్రిసామి పరుగెత్తుకుంటూ కొట్టానికి పోయినాడు. లోపల జరిగింది వాడే నాకు తర్వాత చెప్పినాడు, ఒక్కసారి కాదు.

"తాతా, ఆ రెండో ముడి చూసి వేసింది కాదు."

నాగూరప్ప ఏకుతున్న విల్లు కింద పెట్టినాడు. "మరి?"

"ఆ పొద్దున నేను ఊర్లో లేను."

ముసలాయన తిట్టలేదు. తాడు తీసి ఆ ముడిని వేళ్ళతో చాలాసేపు తడిమినాడు. తిట్టింటే బాగుండు, ఒక దెబ్బ కొట్టింటే ఇంకా బాగుండు అనేవాడు ఎర్రిసామి. వాడు కాళ్ళు పట్టుకొని బతిమాలినాడు. గాలి ఇంకా పడమటనే ఉంది, చీమలు గుడ్లు మోస్తున్నాయి, నరం మీటి చూడు తాతా, ఈ పొద్దు కూడా వాన రావచ్చు, వస్తే ఎవరికీ నష్టం లేదు, నీ పేరూ నిలుస్తుంది, నోరు మూసుకొని ఉందాం అన్నాడు.

నాగూరప్ప నరం మీటలేదు.

"వస్తే రానీ," అన్నాడు. "చీమలు రైతుల ఇండ్ల ముందరా ఉన్నాయి. వాళ్ళు చీమల్ని చూసి గొర్రు కట్టలేదు. లెయ్. వాగు బండ కాడికి నన్ను పట్టుకొని పో."

మా ఊరి చేలకు పోవాలంటే వాగు బండ దాటాల్సిందే. నాగూరప్ప ఆ బండ మీద నిలబడినాడు. ఒక చేయి కట్టె మీద, ఒక చేయి ఎర్రిసామి భుజం మీద. వచ్చే ప్రతి గొర్రునూ ఆపి ఒకే మాట చెప్పినాడు.

"జంట ముడి కాదప్పా. ఒంటి ముడే. రెండో దినం ఆకాశం చూడలేదు. విత్తేదీ మానేదీ నీ ఇష్టం."

ఇరవై రెండు గొర్రులు. ఇరవై రెండుసార్లు అదే మాట, అదే గొంతు. ఎక్కువ చెప్పలేదు, తక్కువ చెప్పలేదు. వాన వస్తుంది అని చెప్పేవాళ్ళను నేను నా జన్మలో చాలామందిని చూసినా, రేడియోలో కూడా విన్నా. చూడలేదు అని ఎదురొచ్చి చెప్పినవాణ్ణి ఆయన్ని ఒక్కణ్ణే చూసినా.

తొమ్మిదో గొర్రు పెద్దింటి గోవిందప్పది. ఆయన ఎద్దులను నిలిపి, అందరికీ వినబడేటట్టు అన్నాడు.

"కండ్లు లేనోడు చూడలేదంటే అందులో వింతేముంది?"

జనం నవ్వినారు. నాగూరప్ప కదల్లేదు. గోవిందప్ప చచ్చిపోయి ఇరవై ఏండ్లయింది. ఆ నవ్వు నేను ఇంకా మరిచిపోలేదు, ఆయన మనవడు నాకు నమస్కారం పెట్టినా ఆ నవ్వే గుర్తొస్తుంది.

అప్పుడు ఎర్రిసామి నోరు విప్పినాడు.

"చూడనిది తాత కాదు, నేను. భజనకు పోయి వచ్చి, చూసినట్టు ముడి వేసినా."

నవ్వు ఆగింది. ఎవడో వాగు ఇసకలో ఉమ్మినాడు. చిన్న గురువు అనే పిలుపు ఆ దినంతో మా ఊర్లో సరి. సగం మంది ఎద్దులను వెనక్కు తిప్పినారు. మా నాయనా తిప్పినాడు. మిగతా సగం, పదును పోతుంది, గుడ్డోని మాట వినేదేంది అని చేలకు పోయి విత్తినారు. ఎర్రిసామి గొర్రు ఇంటి ముందరే నిలబడింది.

ఆ మధ్యాహ్నం వాన వచ్చింది.

నిన్నటికంటే ఎక్కువ వచ్చింది. వాగు పారింది. విత్తినోళ్ళు తువ్వాళ్ళు తిప్పుకుంటూ ఇండ్లకు వచ్చినారు. గోవిందప్ప తడిసిన పంచతోనే దూదేకుల కొట్టం ముందుకు పోయి, మీ మాట విననందుకు బతికిపోయినాం తాతా అని చేతులు జోడించి మరీ చెప్పి వచ్చినాడు. మేము ఆగినోళ్ళం రెండు దినాలు తడి ఆరనిచ్చి విత్తినాం. పంటలో తేడా వచ్చింది అంటారు కొందరు. అబద్ధం. మా చేను, గోవిందప్ప చేను పక్కపక్కనే. కాయ ఒకటే మాదిరి పడింది.

వాన నిలిచిన పొద్దున ఎర్రిసామి కొట్టానికి పోయినాడు. ఇక రావొద్దు అంటాడేమోనని వాకిట్లోనే నిలబడినాడు. నాగూరప్ప తాడు ఒళ్ళో పెట్టుకొని, ఆ రెండో ముడిని గోళ్ళతో, పండ్లతో విప్పుతున్నాడు. ఆరున్నర నెలలు బిగిసిన ముడి, వాన చెమ్మకు ఉబ్బి మరీ బిగిసింది.

"రా, ఈ పక్క పట్టుకో," అన్నాడు.

ఎర్రిసామి పోయి పట్టుకున్నాడు. కాసేపు చూసి, ఉండబట్టలేక అన్నాడు.

"వాన వచ్చింది గదా తాతా. ఈ ముడి తప్పు కాలేదు గదా. ఎందుకు విప్పేది?"

"ఆ పొద్దున గాలి ఎటు వీచింది?"

"తెలీదు."

"మంచు ఉండెనా?"

"తెలీదు."

"పొద్దు గుడి కట్టిందా?"

ముసలాయన మళ్ళీ పండ్లతో పట్టుకున్నాడు. ముడి వదులై విడిపోయింది.

పెద్ద ముడికీ, తర్వాతి చిన్న ముడికీ నడుమ బెత్తెడు తాడు ఖాళీగా మిగిలింది. కానీ అది చక్కగా లేదు. ముడి ఉన్నచోట నార మెలి తిరిగి, వంకరగా నిలిచిపోయింది. ఎర్రిసామి దాన్ని తొడ మీద పెట్టి అరచేత్తో రుద్దినాడు. పోలేదు. చెంబులో నీళ్ళు తెచ్చి తడిపి, రెండు చేతులా లాగి పట్టి సాపు చేయబోయినాడు.

నాగూరప్ప తడుముకుంటూ వాని చేయి పట్టుకొని ఆపినాడు.

"ఉండనీ," అన్నాడు. "ఆ దినం జరిగింది అదే."