కోడలి కోసం ఏడు సముద్రాలు దాటిన రాణి

అనగనగా మేలిగిరి రాజ్యానికి ఒక రాజు ఉండేవాడు. ఆయన పేరు మేఘబాహుడు, ఆయన రాణి పేరు కనకాంబ. వాళ్ళకు ముగ్గురు కొడుకులు. ముగ్గురికీ పెళ్ళిళ్ళయ్యాయి. మూడోవాడు విక్రాంతుడు. అతని భార్య తరళ.

ఆ తరళ ఎలాంటి పిల్లంటే, కాపురానికి వచ్చిన రోజునే ఏనుగుల శాలకు పోయి, మావటివాళ్ళే దగ్గరికి పోని మొండి ఏనుగుకు చెరకుగడ తినిపించి వచ్చింది. ఆమె నవ్వితే పక్క గదిలోవాళ్ళు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వేవాళ్ళు. అత్తగారంటే ఆమెకు ప్రాణం. అత్తగారికీ ఆమె అంటే అంతే.

కొన్నాళ్ళకు తరళకు ఆడపిల్ల పుట్టింది. ఆ వంశంలో మూడు తరాలుగా ఆడపిల్ల లేదు. రాజు ఊరంతా బెల్లం పంచాడు. అందరూ సంతోషించారు, ఒక్క తరళ తప్ప.

మొదట ఆమె పాట మానేసింది. తర్వాత తిండి మానేసింది. ఆ తర్వాత మాట మానేసింది. పొద్దెక్కినా మంచం దిగదు. పడుకుంటే నిద్ర రాదు. బిడ్డ ఏడిస్తే ఎవరి బిడ్డో ఏడుస్తున్నట్టు అలా చూస్తూ ఉంటుంది. దాసీలు "పొగరమ్మా" అన్నారు. తోటికోడళ్ళు "దిష్టి తగిలింది" అన్నారు. రాజవైద్యుడు నాడి చూసి, "ఒంట్లో ఏమీ లేదు. బాలింత నీరసం, అంతే" అని కషాయం ఇచ్చి వెళ్ళాడు.

అప్పుడు పెద్ద రాకుమారుడు ఓడరేవుకు పోయి మరదలి కోసం పళ్ళెం నిండా ముత్యాలు తెచ్చాడు. తరళ చూసింది. చూసి గోడవైపు తిరిగి పడుకుంది.

రెండో రాకుమారుడు పొరుగు దేశం పోయి కోణంగుల్ని తెచ్చి గంతులు వేయించాడు. తరళ చూసింది. చూసి గోడవైపు తిరిగి పడుకుంది.

మూడో రాకుమారుడు, ఆమె మొగుడు, అడవికి పోయి ఒక భూతవైద్యుణ్ణి తెచ్చాడు. వాడు వేపమండలు ఊపి, కళ్ళు ఉరిమి, "ఏడు సముద్రాల అవతల ధూమకంఠుడనే మాంత్రికుడున్నాడు. వాడే ఈమె నవ్వు దొంగిలించాడు. వాడి ప్రాణం చిలకలో ఉంది" అన్నాడు. తరళ అదీ చూసింది. చూసి గోడవైపు తిరిగి పడుకుంది. విక్రాంతుడు మాత్రం వెంటనే కత్తి నూరుకోవడం మొదలుపెట్టాడు.

ఒకనాడు మధ్యాహ్నం కనకాంబ కోట వెనకకు వెళితే, కందకం మెట్ల మీద తరళ ఒక్కతే కూర్చుని నీళ్ళలోకి చూస్తోంది. రాణి గట్టిగా పిలవకుండా, మెల్లగా వెళ్ళి పక్కన కూర్చుంది.

చాలాసేపటికి తరళే నోరు తెరిచింది. "అత్తయ్యా, నేను లేకపోతే ఈ పిల్లకి ఇంతకంటే మంచి అమ్మ దొరుకుతుంది కదూ?"

కనకాంబ కోడలి చెయ్యి పట్టుకుంది. "ఈ ప్రశ్న నాకు తెలుసు తల్లీ. మా రెండోవాడు పుట్టినప్పుడు ఇదే ప్రశ్న నన్నూ పట్టుకుంది."

తరళ తల తిప్పి చూసింది. "ఎవరికి చెప్పారు?"

"ఎవరికీ చెప్పలేదు. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఇవాళ నీకే చెబుతున్నాను."

"మరి ఎలా తగ్గింది?"

"దానంతట అదే సడలింది. తొమ్మిదేళ్ళు పట్టింది. ఆ తొమ్మిదేళ్ళలో వాడి ముఖం ఎలా ఉండేదో నాకు గుర్తులేదమ్మా. నీకు అలా కానివ్వను."

రాణి కోడల్ని లోపలికి తీసుకొచ్చి, కొడుకుతో చెప్పింది. "నాయనా, ఈమెను ఒక్క ఘడియ కూడా ఒంటరిగా వదలకు. బుద్ధులు చెప్పకు. పక్కన కూర్చో, చాలు. మాంత్రికుడి దగ్గరికి నేను వెళ్తాను."

రాజు తెల్లబోయాడు. "అరవై ఏళ్ళదానివి. ఏడు సముద్రాలు ఎలా దాటుతావు?"

"ఒకప్పుడు నాకు మంచం దిగడం అంతకంటే కష్టంగా ఉండేది. అదే దిగాను" అంది రాణి. నాలుగు జామపళ్ళు కొంగున కట్టుకుని బయల్దేరింది.

సముద్రపు ఒడ్డున ఒక పెద్ద తాబేలు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. రాణి భుజం ఆనించి, రొప్పుతూ రోజుతూ దాన్ని బోర్లా తిప్పింది. తాబేలు కళ్ళు తుడుచుకుంది.

"పొద్దుటి నుంచీ ఎంతమంది పోయారో తల్లీ! 'లేచి నడవరాదా' అని అందరూ అన్నారు గాని, ఒక్కరూ చెయ్యి వెయ్యలేదు. ఎక్కడికి పోవాలో చెప్పు, నా వీపెక్కు."

ఎక్కింది. ఉప్పు సముద్రం దాటారు, చెరకురసం సముద్రం దాటారు, కల్లు సముద్రం ముక్కు మూసుకుని దాటారు. నేతి సముద్రం, పెరుగు సముద్రం, పాల సముద్రం దాటారు. చివరికి మంచినీళ్ళ సముద్రమూ దాటి మాంత్రికుడి దీవి చేరారు.

"అమ్మా, చింతచెట్టు తొర్రలో చిలక ఉంది" అంది తాబేలు. "దానికి ఒక సింహం, ఒక నాగుపాము, ఒక రాక్షసుడు కాపలా. ముగ్గురూ ఇనుము వాసన పసిగట్టి మీద పడతారు. కత్తి పట్టుకొచ్చిన రాకుమారుడు ఒక్కడూ తిరిగి పోలేదు, అందరూ వాడి చెరలోనే ఉన్నారు."

రాణి దగ్గర ఇనుము ఎక్కడిది? సింహం వాసన చూసి ఆవలించింది. పాము పడగ దించింది. రాక్షసుడు "ఎవరో పళ్ళమ్మే అవ్వ" అనుకుని పక్కకు తిరిగాడు. రాణి తొర్ర ముందు జామపండు పట్టుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఆ చిలకకు పండు పెట్టినవాళ్ళు లేరు. అది తనంతట తానే వచ్చి ఆమె చేతి మీద వాలింది.

ధూమకంఠుడు గడ్డం ఎగురుతుండగా పరుగెత్తుకొచ్చాడు. "చంపకు! నీకేం కావాలి ముసలీ?"

"నా కోడలి నవ్వు. తీసినచోట పెట్టు."

"నేను తియ్యలేదు! ఒట్టు!"

"నిజమే" అంది చిలక, పండు కొరుకుతూ. "వీడి ప్రాణం నాలో ఉంది. వీడు అబద్ధమాడితే నాకు కడుపులో తిప్పుతుంది. ఇప్పుడు తిప్పడం లేదు."

ఏడు సముద్రాలు దాటి వచ్చింది దీనికా? "మరి ఎవరు తీసుకున్నారు?" అని రాణి అక్కడే కూలబడింది.

పైన బురుజు కిటికీలోంచి ఒక ఆడగొంతు వినిపించింది. "ఎవరూ తీసుకోలేదమ్మా! అది జబ్బు. జ్వరమొస్తే ఎవరు పెట్టారని వెతుకుతామా? మందు వెతుకుతాం గాని!"

ఆ గొంతు ఓదెమ్మది. మనసుకు వచ్చిన జబ్బుల్ని మాటలతో నయం చేసే మనిషి. మాంత్రికుడికి ఏళ్ళ తరబడి నిద్ర ఉండేది కాదు. తన బాధ చెప్పుకోవడానికి ఆమెను ఎత్తుకొచ్చి తాళం వేసి పెట్టుకున్నాడు. చెప్పుకుంటున్నాడు, అయినా నిద్ర రావడం లేదు.

"తాళం తీస్తావా, చిలక మెడ విరవమంటావా?" అంది రాణి.

మాంత్రికుడు తాళం తీశాడు. తీసి, చిన్నపిల్లాడిలా ముఖం పెట్టాడు. "మరి నా సంగతి?"

"చెరలో ఉన్నవాళ్ళందర్నీ వదిలిపెట్టి మేలిగిరికి రా. నీ వంతు వచ్చినప్పుడు వింటాను" అంది ఓదెమ్మ. వాడు మాట తప్పకుండా ఉండాలని చిలకను మాత్రం రాణి తనతో తెచ్చుకుంది.

మేలిగిరికి రాగానే ఓదెమ్మ తరళ మంచం పక్కన పీట వేసుకుని కూర్చుంది. "నీకేం తక్కువ" అనలేదు. "బిడ్డ ముఖం చూసైనా లే" అనలేదు. సూటిగా అడిగింది.

"చచ్చిపోవాలని అనిపిస్తోందా తల్లీ?"

గదిలో ఉన్న విక్రాంతుడు ఉలిక్కిపడ్డాడు. తరళ మాత్రం పెద్ద బరువు దించినట్టు ఊపిరి వదిలింది. "అవును."

"చెప్పావు, మంచిపని చేశావు. అలా అనిపించినప్పుడల్లా నాకో, అత్తగారికో, నీ భర్తకో చెప్పాలి. అర్ధరాత్రయినా సరే. మాటిస్తావా?"

తరళ మాటిచ్చింది. ఆ రోజు నుంచి ప్రతి ఉదయం ఓదెమ్మ రావడం, ఒక ఘడియ కూర్చోవడం. కొన్నాళ్ళు తరళ మాట్లాడేది, కొన్నాళ్ళు మాట్లాడేది కాదు. ఓదెమ్మ ఆమెకు మూడే మూడు పనులు పెట్టింది. పొద్దున కాసేపు ఎండలో కూర్చోవాలి. ఏనుగుల శాల దాకా నడిచి రావాలి. తమలపాకు నమిలేంత సేపు బిడ్డను ఒళ్ళో పెట్టుకోవాలి. "ఇష్టం పుట్టాక చేద్దామనుకోకు. చెయ్యి. ఇష్టం వెనకాల నడిచొస్తుంది" అంది. నిద్ర పట్టడానికి రాజవైద్యుడి చేతే మందు ఇప్పించింది.

ఒకరోజు తరళ, "నేను చెడ్డ తల్లిని" అంది.

"మొన్న పాపకు జలుబు చేసిందటగా. ముందు కనిపెట్టింది ఎవరు?"

తరళ ఆలోచించింది. "నేనే. ఊపిరి చప్పుడు మారింది."

"ఇంతమంది దాదులకు వినపడని ఊపిరి, ప్రేమ లేనిదానికి ఎలా వినపడింది తల్లీ?"

తరళ అప్పుడు ఏడ్చింది. ఇన్ని నెలల్లో మొదటిసారి వెక్కి వెక్కి ఏడ్చింది. విక్రాంతుడు కంగారుగా లేవబోతే, ఓదెమ్మ కళ్ళతోనే కూర్చోమంది.

అక్కడితో అంతా బాగైపోయిందనుకునేరు! లేదు. వానాకాలంలో ముసురు పట్టగానే తరళ మళ్ళీ మూడు రోజులు మంచం దిగలేదు. అందరూ నీరుగారిపోయారు. ఓదెమ్మ మాత్రం, "కొండెక్కేవాళ్ళు మధ్యలో కూర్చోరా?" అని రోజూలాగే పీట వేసుకుంది. నాలుగోనాడు తరళ తనే లేచి ఏనుగు దగ్గరికి నడిచింది.

ఈలోగా ఓదెమ్మ గుమ్మం ముందు ఊరి ఆడవాళ్ళు బారులు తీరారు. కుమ్మరి కోడలు వచ్చింది, సేనాపతి భార్య వచ్చింది. వాళ్ళిద్దరి మధ్యా ధూమకంఠుడు, ఖాళీ అయిన చెర తాళంచెవులన్నీ మొలకు గలగలలాడించుకుంటూ, ముడుచుకుని కూర్చున్నాడు. తరళ బిడ్డనెత్తుకుని అటుగా వెళ్తుంటే, పాప చెయ్యి చాచి వాడి గడ్డం గుప్పెట పట్టింది. పట్టి వదలదే! మహా మాంత్రికుడు "అబ్బా, అబ్బా" అని బుజ్జగిస్తుంటే తరళకు నవ్వొచ్చింది. పకపకా నవ్వింది. నవ్వి, తన నవ్వు తనకే వినపడి ఆగిపోయి, మళ్ళీ నవ్వింది.

ఆ సాయంత్రం కనకాంబ ఓదెమ్మ ఎదురుగా వచ్చి కూర్చుంది. "నావి తొమ్మిదేళ్ళు మిగిలున్నాయి. వింటావా?" అంది. ఓదెమ్మ విన్నది. చాలా రోజులు విన్నది. ఆ తర్వాత రాణి రెండో కొడుకును పిలిచి అంతా చెప్పింది. మీసాలు తిరిగిన ఆ మనిషి తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని, "నేనేదో తప్పు చేశాననుకున్నానమ్మా, ఇన్నాళ్ళూ" అన్నాడు.

తరళ కూతురికి ఉదయిని అని పేరు పెట్టారు. ఉదయిని పెరిగి పెద్దదై, మనసుకు నచ్చిన రాకుమారుణ్ణి పెళ్ళాడింది. ఆ పెళ్ళికి తాబేలు ఏడు సముద్రాలూ ఈది వచ్చి, మూడు ముళ్ళూ పడ్డాక చేరింది పాపం! ఉదయిని మేలిగిరిని నలభై ఏళ్ళు ఏలింది. ఆమె ఏలుబడిలో, పురుడు పోసుకున్న ప్రతి ఇంటికీ ఓదెమ్మ శిష్యురాలు ఒకత్తె వెళ్ళి, ముందు బిడ్డను కాదు, తల్లిని పలకరించేది.

కథ ఒడ్డుకు చేరింది పిల్లలూ. ఇక లేవండి. మీ అమ్మ ఏం చేస్తోందో చూసి రండి. అన్నం తిన్నదో లేదో అడగండి. అడిగి ఊరుకోకుండా, చెప్పేదాకా పక్కన కూర్చోండి.