ఎలుగుబంటి ఊడవని బాట

అనగనగా ఒక కొండ అడవి. ఎండలు ముదిరితే చాలు, అక్కడ ఏదో ఒక మూల నిప్పు రాజుకునేది. ఆర్పడానికి ఎవరో వస్తారని జంతువులు చాలా ఏళ్ళు ఎదురుచూశాయి. ఎవరూ రాలేదు. చివరికి అవే ఒక దండు కట్టి, దానికి నిప్పుదండు అని పేరు పెట్టుకున్నాయి.

ఆ దండులో జీతం లేదు, బత్తెం లేదు. వడ్రంగిపిట్ట బోలు మానును టకటకా కొట్టగానే, తింటున్నవాళ్ళు తిండి వదిలేసి, పడుకున్నవాళ్ళు లేచి పరుగెత్తాలి. కొండముచ్చులు పచ్చికొమ్మలు విరిచి మంటను బాదేవి. అడవిపంది కోరయ్య మూతితో మట్టి పెళ్ళగించి నిప్పు మీద చిమ్మేవాడు. దండుకు పెద్ద అతనే. ఇక ఎలుగుబంటి గుబురయ్య గోళ్ళతో నేల తవ్వాడంటే పదిమంది పని ఒక్కడే చేసినట్టు.

వేసవికి ముందు దండుకు ఇంకో పని ఉండేది. ఇళ్ళున్న చోటు చుట్టూ ఒక బాట చేసి, దాని మీద ఎండాకు లేకుండా ఊడవాలి. ఆకు లేకపోతే నిప్పు ముందుకు రాలేదు కదా. బాటను వంతులు వేసుకునేవారు. పని పూర్తయినవాళ్ళు సాయంత్రం వచ్చి "అయింది" అంటే చాలు. ఎవరూ వెళ్ళి చూసేవారు కాదు. చూస్తే ఎదుటివాళ్ళ మాట నమ్మనట్టు ఉంటుందని వాళ్ళ మర్యాద.

ఆ ఏడు ముళ్ళపంది సూదులమ్మ బొరియ ముందున్న బాట గుబురయ్య వంతుకు వచ్చింది. గుబురయ్య బద్ధకస్తుడేమీ కాదు. కానీ ఇప్పపువ్వు కనిపిస్తే అతనికి ఒళ్ళు తెలియదు. ఆకులు ఊడ్చే రోజులూ ఇప్పపువ్వు రాలే రోజులూ ఒకటే కావడం అతని ఖర్మ.

మొదటిరోజు బయలుదేరాడు. బాటకు అవతలున్న ఇప్పతోపు వాసన అతన్ని అటే లాక్కెళ్ళింది. పొట్ట పగిలేలా తిని, చెట్టు కిందే గుర్రుపెట్టాడు. రెండోరోజు నాలుగు పువ్వులే తిని వెళదామనుకున్నాడు. ఆ నాలుగూ నలభై అయ్యాయి, నలభై నాలుగువందలయ్యాయి. మూడోరోజు బాట దాకా వెళ్ళి, మోకాలి లోతు టేకాకులు చూసి, రేపు చల్లపూట వద్దామని వెనక్కి తిరిగాడు.

ఆ సాయంత్రం కోరయ్య అడిగాడు. "నీ వంతు అయిందా, గుబురయ్యా?"

"అయింది, పెద్దయ్యా" అనేశాడు గుబురయ్య. రేపు ఎలాగూ ఊడ్చేస్తాను కదా అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున్న మళ్ళీ తోపులోనే తేలాడు. మధ్యాహ్నం వడ్రంగిపిట్ట మానును గబగబా కొట్టింది. పడమటి గడ్డిబీళ్ళలో నిప్పు లేచింది. గాలి ఇటే వీస్తోంది. దండు అంతా క్షణాల్లో చేరింది.

కోరయ్య నిదానంగా చెప్పాడు. "బాట అంతా ఊడ్చేశాం. ఇళ్ళకు భయం లేదు. ఇప్పతోపు మాత్రం బాటకు అవతల ఉంది. అందరం అటే వెళ్ళి తోపును కాపాడుకుందాం."

గుబురయ్యకు సూదులమ్మ బొరియ గుర్తొచ్చింది. సూదులమ్మ ఈని వారం కూడా కాలేదు. రెండు పసికూనలతో ఆమె బొరియలోనే ఉంది. ఆ ఆకులు అంటుకుంటే బొరియ నిండా పొగే. చెబుదామని నోరు తెరిచాడు. తనను మెచ్చుకునే కొండముచ్చులన్నీ ఎదురుగా ఉన్నాయి. నోరు మూసుకున్నాడు. గాలి మళ్ళవచ్చేమో అనుకున్నాడు. మళ్ళలేదు. తానొక్కడే పరుగెత్తి ఊడ్చేస్తే ఎవరికీ తెలియదు కదా అనుకున్నాడు. కానీ అన్ని ఆకులు ఒక్కడి వల్ల అయ్యే పని కాదని అతనికి తెలుసు. దండు అప్పుడే తోపువైపు కదిలింది.

"ఆగు పెద్దయ్యా" అన్నాడు గుబురయ్య. "నా వంతు ఊడవలేదు. అబద్ధం చెప్పాను. సూదులమ్మ బొరియ ముందు ఆకు మోకాలి లోతున ఉంది."

కొండముచ్చులన్నీ అతనివైపు తిరిగాయి. గుబురయ్యకు తల తీసేసినట్టయింది.

"తిట్లు తర్వాత" అన్నాడు కోరయ్య. "ముందు పదండి."

అందరూ బాటవైపు పరుగెత్తారు. గుబురయ్య రెండు చేతులా ఆకులు లాగి పారేశాడు. గోళ్ళు విరిగాయి, బొచ్చు కమిలింది. కోరయ్య మట్టి చిమ్మాడు. కొండముచ్చులు రవ్వలను బాదాయి. మంట బాట అంచు దాకా వచ్చి, తినడానికి ఒక్క ఆకు దొరక్క అక్కడే చల్లారింది. అవతల ఇప్పతోపు మాత్రం భగభగా మండిపోయింది. గుబురయ్య అటు చూశాడు. ఏడుపొచ్చింది. అయినా చేతిలో పని ఆపలేదు.

అంతా సద్దుమణిగాక కోరయ్య తిట్టవలసినవన్నీ తిట్టాడు. గుబురయ్య తల వంచుకుని విన్నాడు. "నన్ను దండులోంచి తీసేస్తావా పెద్దయ్యా?" అని అడిగాడు.

"నీలాగా తవ్వేవాడు నాకు ఇంకొకడు ఎక్కడ దొరుకుతాడు?" అన్నాడు కోరయ్య. "తప్పు నాదీ ఉంది. మర్యాద అనుకుంటూ కూర్చుని ఎవరి పనీ చూడలేదు. ఇకమీదట అందరం కలిసి బాటంతా నడిచి చూద్దాం. నా వంతుతోనే మొదలుపెట్టండి."

గుబురయ్య నేరుగా బొరియ దగ్గరికి వెళ్ళి, జరిగిందంతా సూదులమ్మకు తనే చెప్పాడు.

"ఆకులు ఉన్నాయని నాకు తెలుసన్నా" అంది సూదులమ్మ. "మూడురోజులుగా చూస్తూనే ఉన్నాను. నీ అంతటివాడికి నేనేం చెప్పగలనని ఊరుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు వణుకుతోంది. నువ్వు సమయానికి నోరు విప్పావు కాబట్టి సరిపోయింది. లోపలికి తొంగిచూడు."

గుబురయ్య వంగి చూశాడు. ముళ్ళు ఇంకా గట్టిపడని రెండు కూనలు ఒకదాన్నొకటి ఆనుకుని నిద్రపోతున్నాయి. అంత గొడవ జరిగిందని వాటికి తెలియనే తెలియదు. అతను వాటిని లేపకుండా, ఊపిరి కూడా మెల్లగా పీలుస్తూ, చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాడు.

నీతి: చేయని పనిని చేశానని చెబితే, ఆ మాట నమ్మినవాళ్ళకే ముప్పు. తప్పు జరిగితే సిగ్గుపడుతూ ఆగిపోకుండా వెంటనే చెప్పేయాలి.