ఎర్ర సిరాకు గడి లేదు

ఆచార్య గణేశ్వరరావు గారు శిష్యులు ఏదైనా అడిగితే గ్రంథాలు తీసి చూపించేవారు కారు. ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకునేవారు.

హైమవతి ఆయన దగ్గర పరిశోధన చేస్తోంది. సంస్థలు తమ పనిని, కంప్యూటర్ వ్యవహారాలను బయటి కంపెనీలకు అప్పగిస్తే ఏమవుతుందన్నది ఆమె అంశం. రెండేళ్ళు అవుట్‌సోర్సింగ్ మీద దొరికినదల్లా చదివి, ఒకచోట ఆగిపోయి, ఒకనాడు అడిగింది: "మాస్టారూ, వందలమందికి ప్రశ్నపత్రాలు పంపాలని కొందరు, ఒక్కచోటే నెలల తరబడి కూర్చుని చూడాలని కొందరు రాశారు. దేనివల్ల నిజం దొరుకుతుంది?"

 ఆయన ఈ సంగతి చెప్పారు.

ఇరవై తొమ్మిదో ఏట ఆయనా ఇదే అంశం పట్టుకుని ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్ళారు. అక్కడ రోగుల రికార్డుల పనిని అప్పుడే ఎక్కడో పట్నంలోని కంపెనీకి ఇచ్చారు. ప్రశ్నపత్రాలు పంచితే పై అధికారులందరూ "చాలా సంతృప్తి" అన్నచోటే టిక్కు పెట్టారు. అది చాలదనిపించి, రికార్డుల గదిలో స్టూలు వేసుకుని కూర్చున్నారు. చూసేవాడు వేలు పెట్టకూడదు, పెడితే చూస్తున్నదే మారిపోతుందని పెద్దలు నేర్పిన నియమం. ఆయన దాన్ని వ్రతంలా పాటించారు.

ఆ గదిని ఇరవై రెండేళ్ళు చూసుకున్న గుమాస్తా వరహాలమ్మ నెలాఖరుకు వెళ్ళిపోవాలి. ఒక మధ్యాహ్నం ఆమె ఒక పాత కాగితం తీసి ఆయనకు చూపించింది. ఎవరికైనా ఏదైనా మందు పడకపోతే ఆ మాట కాగితం పైభాగాన ఎర్ర సిరాతో రాయడం ఆమె అలవాటు. కంపెనీవాళ్ళ కంప్యూటర్లో దానికి గడి లేదు, అందుకని ఎక్కించడం లేదు. ఆఫీసులో రెండుసార్లు చెబితే, నీ పని అయిపోయింది కదమ్మా, ఇంక వదిలెయ్యి అన్నారట. యూనివర్సిటీ నుంచి వచ్చిన మనిషి చెబితే వింటారని ఆమె ఆశ.

ఆయనకు ఒళ్ళు పులకరించింది. మూడు నెలలుగా వెతుకుతున్నది చేతికి చిక్కింది. తేదీ వేసి, ఆమె మాటలు అన్నవి అన్నట్టే రాసుకున్నారు. సూపరింటెండెంటు గది అదే వరండాలో ఉంది. వెళ్ళలేదు. నివేదికలో ఎలాగూ వస్తుంది కదా అనుకున్నారు.

తొమ్మిదో రోజున పైడితల్లి అనే నేతపని ఆమెను జ్వరంతో తీసుకొచ్చారు. ఒంటి మీద తెలివి లేదు. చిన్నప్పుడెప్పుడో ఆ ఆసుపత్రిలోనే ఒక ఇంజెక్షన్ పడక ఆమె చావు తప్పి బయటపడిందన్న సంగతి భర్తకు తెలియదు. కంప్యూటర్ చూసి, ఏమీ లేదనుకుని, అదే ఇంజెక్షన్ ఇచ్చారు. పావుగంటలో ప్రాణం పోయింది. ఆమె పాత కాగితం మర్నాడు రికార్డుల గదిలో మూటగట్టిన గోనెసంచిలో దొరికింది. ఎర్ర అక్షరాలు కాస్తయినా వెలవలేదు.

భర్త వరండాలో గోడకు జారగిలబడి, వచ్చేపోయేవాళ్ళనల్లా ఒకటే అడిగాడు, ఈ సంగతి ముందే ఎవరికీ తెలియదా అని. గణేశ్వరరావు గారు నోటుబుక్కు చంకలో పెట్టుకుని అతని ముందునుంచే నడిచి వెళ్ళారు.  గేటు దగ్గర వరహాలమ్మ నిలబడి ఉంది. ఆమె ఏడవలేదు, తిట్టలేదు.

"మీకు చెప్పేను కదా బాబూ," అంది. "రాసుకున్నారు కదా."

అంతవరకు చెప్పి ఆచార్యుల వారు ఆగారు. ఆ తరవాత ఎన్నిసార్లు ఆ ఊరు బస్సులో దాటినా, దిగి ఆ నేతగాడి ఇల్లెక్కడో అడిగే ధైర్యం ఆయనకు రాలేదు. ఆ మాట మాత్రం హైమవతికి చెప్పలేదు.

హైమవతి కలం కింద పెట్టేసింది. ఆ సంగతి మీరెక్కడా రాయలేదా అని మెల్లగా అడిగింది.

"రాశానమ్మా," అన్నారు ఆయన. "మంచి పేరొచ్చింది. మొదటి ఏడాది మీకు పాఠంగా పెట్టింది ఆ వ్యాసమే."