గోడవతల రొట్టెల చప్పుడు

ఎస్సై నాగవేణికి పిస్టల్ అంటే భయం లేదు. అది పేలడానికి ముందు వచ్చే రెప్పపాటు అంటేనే భయం. ట్రిగ్గర్ మీద వేలు బిగుసుకోగానే, రాబోయే చప్పుడును తలచుకుని చెయ్యి తనంతట తానే కిందికి వంగేది. గుండు పోయి బోర్డు కింద మట్టిలో దూరేది.

కిందటేడు ఫైరింగ్ పరీక్షలో సగం గుండ్లు అట్లా మట్టిపాలయ్యాయి. వెనక నిలబడ్డ కానిస్టేబుళ్లు పైకి నవ్వలేదు గానీ, మీసాల చాటున ఎవరి నవ్వు వాళ్లు నవ్వుకున్నారు. సీఐ మాత్రం మొహం మీదే చెప్పేశాడు.

"మళ్లీ ఇట్లనే అయితే నిన్ను స్టేషన్లో రాతపనికి పెట్టేస్తానమ్మా. బయటి డ్యూటీ మర్చిపో."

తెల్లారకముందే లేచి, బీళ్లలో కాళ్లు బొబ్బలెక్కేలా పరుగెత్తి తెచ్చుకున్న ఉద్యోగం అది. ఇంత చేసి ఫైళ్లకు దారాలు కట్టుకుంటూ కూర్చోవాలా అని నాగవేణికి ఏడుపొచ్చింది. ఖాకీ బట్టల్లో ఏడిస్తే బాగుండదని ఆపుకుంది. డ్యూటీ దిగి నేరుగా దస్తగిరి ఉస్తాద్ దగ్గరికి వెళ్లింది.

పోలీసు ట్రైనింగ్‌లో ఆయుధం పట్టడం నేర్పేవాణ్ణి ఉస్తాద్ అంటారు. నాగవేణికి పిస్టల్ పట్టడం నేర్పింది ఈ దస్తగిరే. హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరై, అనంతపురంలో పోలీసు లైన్ల పక్కన చిన్న బంకు పెట్టుకుని బెల్టులు, పిస్టల్ తొడుగులు కుట్టుకుంటున్నాడు. ఆయన శిష్యుల్లో డీఎస్పీలు కూడా ఉన్నారు. ఎవరొచ్చినా కూర్చోడానికి ఆ బంకులో ఉన్నది ఒకే స్టూలు.

నాగవేణి ఆ స్టూలు మీద కూర్చుని తన గోడు వెళ్లబోసుకుంది. "డిపార్ట్‌మెంట్ వాళ్లిచ్చే గుండ్లు ఏ మూలకూ చాలవు ఉస్తాద్. ఇంకెట్లా నేర్చుకోవాలి?"

ఉస్తాద్ సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. "గుండ్లు లేకుండా నేర్చుకో పాపా."

"లేకుండానా?"

"నీకు భయం చప్పుడంటేనే గదా. చప్పుడు లేకుండా చేతికి అలవాటు చెయ్. అలవాటు పడినాక చప్పుడొచ్చినా అది లెక్క చెయ్యదు."

ఎట్లా చెయ్యాలో కూడా చెప్పాడు. గుండ్లుండే మ్యాగజీన్ తీసి వేరే గదిలో పెట్టాలి. పిస్టల్ కడుపులో గుండు లేదని కంటితో చూడాలి, వేలితో తడమాలి. గోడ మీద నల్లచుక్క అంటించి, గొట్టం చివరి మొనను దాని మీద నిలిపి ట్రిగ్గర్ నొక్కాలి. టక్కుమంటుంది, అంతే. ఆ టక్కుకు మొన కదలకూడదు.

"మొన కదలడం ఆగిపోయిన రోజు నన్ను పిలువు. వచ్చి చూస్తా."

నాగవేణి ఉండేది అద్దెకు తీసుకున్న సగం ఇంట్లో. ఒకే ఇంటిని రెండిళ్లు చేయడానికి యజమాని మధ్యలో ప్లైవుడ్ కొట్టించి పైన తెల్లరంగు వేయించాడు. మిగతా మూడు వైపులా పాతకాలపు రాతిగోడలే, గతుకులు, మేకులు, అల్మరాలు. ప్లైవుడ్ గోడ ఒక్కటే అద్దంలా నున్నగా ఉంది. నల్లచుక్క దాని మీదే అంటించింది.

అవతలి సగంలో సుంకమ్మవ్వ ఒక్కతే ఉంటుంది. పొద్దున్నే జొన్నరొట్టెలు చేస్తుంది. తప తప తప మని తట్టడం, రొట్టె పెనం మీద వేయడానికి కాసేపు ఆగడం, మళ్లీ తప తప. గోడ పల్చన కాబట్టి ప్రతి చప్పుడూ ఇవతలికి వినిపించేది.

మొదట్లో నాగవేణికి అది విసుగనిపించింది. తరువాత దాన్నే తాళంగా చేసుకుంది. అవ్వ తడుతున్నంతసేపు చుక్క మీద గురి పెట్టి ఊపిరి బిగబట్టేది. చప్పుడు ఆగగానే మెల్లగా ట్రిగ్గర్ నొక్కేది. టక్. అవతల రొట్టె, ఇవతల టక్. రోజులు గడిచేకొద్దీ మొన కదలడం తగ్గింది. ఒక పొద్దున అసలు కదలనే లేదు.

అభ్యాసం ముగిసే వేళకు అవ్వ తలుపు తట్టేది. చేతిలో వేడి రొట్టె, దాని మీద రోట్లో నూరిన చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి.

"తిను మే. ఎముకలు తేలి ఉండావు, దొంగలేం భయపడతారు నీకు?"

ఎవరూ లేని ఊళ్లో ఆ రొట్టే నాగవేణికి పుట్టిల్లు.

కబురు పెట్టిన మరునాడే ఉస్తాద్ వచ్చాడు. నాగవేణి మ్యాగజీన్ తీసి ముందుగదిలో ట్రంకుపెట్టెలో పెట్టింది. పిస్టల్ ఖాళీ చేసి ఉస్తాద్‌కు ఇచ్చింది. ఆమె చూసిందే అయినా ఆయన మళ్లీ చూశాడు, వేలితో తడిమాడు, తిరిగి ఇచ్చాడు. నాగవేణి అందుకున్నది అందుకున్నట్టే గోడవైపు గురి పెట్టింది. అన్నిసార్లు చూశాక ఇంకా చూసేదేముంది!

అవతల రొట్టె తట్టడం మొదలైంది. ఆగింది. టక్. మళ్లీ మొదలైంది, ఆగింది, టక్. మొన గోడకు కొట్టిన మేకులా నిలబడింది.

"చెయ్యి కుదిరింది పాపా" అన్నాడు ఉస్తాద్.

ఆ మాట కోసమే ఇన్నాళ్లూ కాచుకుని ఉన్న నాగవేణికి కాళ్లు నేల మీద ఆనలేదు.

"ఆ చప్పుడేంది?"

"పక్కింటి అవ్వ రొట్టెలు తడతాంది ఉస్తాద్. ఆ చప్పుడు ఆగినప్పుడు నొక్కుతా. భలే కుదురుతాది." తన తెలివికి తానే మురిసిపోతూ చెప్పింది.

ఉస్తాద్ గోడ దగ్గరికి వెళ్లి చుక్క పక్కన వేలితో కొట్టి చూశాడు. డొల్లగా మోగింది. ఆయన చెప్పులు వేసుకున్నాడు.

"నేను పిలిచినాక మొదలుపెట్టండి ఎస్సై గారూ."

నాగవేణి పిస్టల్ దించింది. ఏదో తేడా వచ్చినప్పుడే ఉస్తాద్ ఆమెను ఎస్సై గారూ అంటాడు.

కాసేపటికి గోడవతల మాటలు వినిపించాయి.

"ఏంది సాయిబూ, నువ్వు తడతావా రొట్టె?"

"మా అమ్మ నేర్పింది లే అక్కా. రవంత జరుగు."

తపా, తపా అని మొరటు చప్పుడు మొదలైంది. దాని వెంటే ఉస్తాద్ గొంతు. "ఊఁ, కానీండి!"

ఆ గొంతు సరిగ్గా నల్లచుక్క వెనక నుంచి వచ్చింది.

నాగవేణి పిస్టల్ ఎత్తింది. మొనను చుక్క మీద నిలిపింది. చప్పుడు ఆగింది. వేలు కదల్లేదు.

పిస్టల్ దించి లోపల చూసింది. ఖాళీ. వేలు పెట్టి తడిమింది. ఖాళీ. ముందుగదిలోకి వెళ్లి ట్రంకుపెట్టె తెరిచింది. మ్యాగజీన్ పెట్టిన చోటే ఉంది. వచ్చి మళ్లీ ఎత్తింది. చప్పుడు ఆగింది, మళ్లీ మొదలైంది, మళ్లీ ఆగింది. వేలు మాత్రం మాట వినలేదు.

పిస్టల్‌ను ట్రంకులో పెట్టి తాళం వేసి, ఆమె పక్కింటికి వెళ్లింది.

వంటగట్టు ఆ ప్లైవుడ్ గోడకు ఆనించే ఉంది. పొయ్యి దగ్గర గోడకు ఎదురుగా నిలబడి, మోచేతుల దాకా పిండితో ఉస్తాద్ రొట్టె తడుతున్నాడు. రొట్టెకు ఒక అంచు మందం, ఇంకో అంచు చిల్లు. సుంకమ్మవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"ఖాళీనే ఉస్తాద్" అంది నాగవేణి. "మళ్లీ మళ్లీ చూసినా. అయినా చెయ్యి రాలేదు."

ఉస్తాద్ వెనక్కి తిరగలేదు.

"ఇందాక అక్క నిలబడినప్పుడు వచ్చింది గదా" అన్నాడు.

ఆయన చెయ్యి కడుక్కుని పక్కకు జరిగాడు. సుంకమ్మవ్వ రోజూ నిలబడే చోటికి వచ్చి నిలబడింది. ఆమె నుదుటి బొట్టు, అవతలి నల్లచుక్క, రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయి.

రాత్రంతా గస్తీ తిరిగి, నిద్రకళ్లతో గురిపెట్టిన పొద్దులెన్నో నాగవేణికి గుర్తొచ్చాయి. వాటిలో ప్రతి పొద్దూ లోపల చూసిందా? కంటితోనూ, వేలితోనూ? చూశానని అవ్వ తల మీద చెయ్యి పెట్టి చెప్పగలదా? ఏమీ జరగనందుకు ఎవరికి దండం పెట్టుకోవాలో తెలియక, ఎదురుగా ఉన్న అవ్వ చేతులు రెండూ పట్టుకుని కళ్లకు అద్దుకుంది.

"ఏమైందే నీకు? వదులు, పిండి అంటుకుంటాది" అంది అవ్వ. అంటుకోనే అంటుకుంది. ఆ పిండి మొహంతోనే నాగవేణి అక్కడ నిలబడి, ఉస్తాద్ చేసిన వంకర రొట్టె తునక కూడా మిగల్చకుండా తినేసింది. అంత రుచిగా ఆమె ఎన్నడూ తినలేదు.

మరునాటి నుంచి నల్లచుక్క ప్లైవుడ్‌కు ఎదురుగా ఉన్న రాతిగోడ మీదికి మారింది. మూరెడు మందం గోడ, దాని వెనక గుట్ట. పిస్టల్ ఎన్నిసార్లు చేతికి తీసుకుంటే అన్నిసార్లు లోపల చూడటం, తడమడం. రొట్టెల చప్పుడు ఇప్పుడు వీపు వైపు నుంచి వస్తోంది. నాగవేణికి అది తాళంలా కాక, ఎవరో వెన్ను నిమిరినట్టుగా ఉంది.

ఫైరింగ్ రోజు వచ్చింది. పిస్టల్ ఎత్తే ముందు నాగవేణి చాలాసేపు ఎదురుగా చూస్తూ నిలబడింది.

"ఏం చూస్తాండావమ్మా? బోర్డు ఎదురుగానే ఉంది గదా" అన్నాడు సీఐ.

"బోర్డు వెనక చూస్తున్నా సార్."

మట్టికట్ట ఎత్తుగా ఉంది. దాని మీద గానీ, పక్కన గానీ మనిషి జాడ లేదు. అప్పుడే ఆమె చెయ్యి లేచింది. చప్పుడు పెద్దగానే వచ్చింది. చెయ్యి దాన్ని లెక్క చేయలేదు. ఆ తరువాత సీఐ రాతపని ఊసెత్తలేదు. మీసాల చాటున నవ్వినవాళ్లు మీసాలు సవరించుకున్నారు.

సాయంత్రం నాగవేణి గుడ్డలో కట్టిన రొట్టెలు పట్టుకుని ఉస్తాద్ బంకుకు వెళ్లింది. ఎన్ని తగిలాయని అడుగుతాడనుకుని జవాబు నాలుక మీద పెట్టుకుంది.

ఉస్తాద్ అది అడగలేదు. గుడ్డ విప్పి రొట్టె మీద అరచెయ్యి ఆనించాడు. ఇంకా వెచ్చగా ఉంది.

"అక్క చేసిందేనా?"

"ఇప్పుడే తట్టి ఇచ్చింది ఉస్తాద్."

"అయితే పాసయినావు పాపా" అని, రొట్టె తుంచి మొదటి ముక్క ఆమె చేతిలో పెట్టాడు.