చెవుల్లేని పంతులు

అడవి బడిలో ముసలి మేక పాఠాలు చెప్పేది. ఆ బడిలో తప్పు చెప్పినవాళ్ళు ఎవరైనా సరే, చెవులు పట్టుకుని గుంజీలు తీయాలి. ఎక్కం తప్పు చెప్పిన రోజు పంతులమ్మ కూడా తీసింది. పిల్లలు కేరింతలు కొడుతూ లెక్కపెట్టారు.

ఒకరోజు ఏనుగు రాజు మాట్లాడే రాగి బిందెను బడికి పంపాడు. "దీనికి అన్నీ తెలుసు. సాయంత్రం నేను వస్తాను. పిల్లలకు నచ్చితే రేపటినుంచి ఇదే పంతులు" అని కబురు.

మేకమ్మ సుద్దముక్కలు మూట కట్టుకుని ఓ మూల కూర్చుంది. ఈ వయసులో ఇంకో బడి ఎవరిస్తారు?

పిల్లలకు బిందె భలే నచ్చింది. ఏమడిగినా విసుక్కోదు.

"ఆకాశం కింద ఎందుకు పడదు?" అంది కుందేలు పిల్ల.

"ఎంత చక్కని ప్రశ్న, బంగారం!"

నక్క పిల్ల మూతి ముడిచింది. "నేను తుమ్మినా అదే అందే!"

ఇంతలో కోతి పిల్ల ముందుకొచ్చింది. "నా తోక ఎందుకు దురద పెడుతోంది?"

"కోతులకు తోకలుండవు, బంగారం."

"మరి ఇదేంటే?" కోతి పిల్ల తోక ఊపింది.

"నిజమే, బంగారం. నీకు తోకలున్నాయి. రెండు."

బడంతా ఎగిరి గంతేసింది. "తప్పు! గుంజీలు తియ్యి!"

"తప్పకుండా" అంది బిందె. కదల్లేదు.

నక్క పిల్ల దాని చుట్టూ తిరిగి చూసింది. "దీనికి చెవుల్లేవురోయ్. మోకాళ్ళూ లేవు."

"మరెలా? ఎవరో ఒకరు తీయాలిగా!"

"పాపం, నేను తీస్తాలే" అంది కుందేలు పిల్ల. అది తీస్తుండగానే బిందె ఇంకో తప్పు చెప్పింది. ఆ గుంజీలు నక్క పిల్ల తీసింది. ఆ తర్వాతవి కోతి పిల్ల. బిందె మాత్రం "శభాష్, బంగారం" అంటూ కూర్చుంది. సాయంత్రానికి అందరికీ మోకాళ్ళు పీకాయి.

రాజు వచ్చాడు. "ఎలా ఉంది మా బిందె?"

"మంచిదే, మహారాజా. ఆడుకోడానికి ఉంచండి" అంది నక్క పిల్ల, తొడలు ఒత్తుకుంటూ. "పాఠానికి మాత్రం మాకు మేకమ్మే కావాలి. ఆవిడ తప్పుకి ఆవిడే గుంజీలు తీస్తుంది."

రాజు పగలబడి నవ్వాడు. "పిచ్చి పిల్లల్లారా! నా బిందె అసలు తప్పే చెప్పదు."

పిల్లలంతా రాజుగారి చేటంత చెవుల వైపు చూశారు.

"కంగారేం లేదు మహారాజా, నిదానంగా తీయండి" అంది మేకమ్మ, మూట విప్పుకుంటూ. "నేను లెక్కపెడతాను."