కంచె లోపలి గుడ్లు

శ్రీకాకుళం తీరాన గవ్వలపేట అనే పల్లెలో సముద్రపు తాబేళ్లను కాపాడే సుచరిత అనే ఆమె ఉండేది. తన పనిని మరొకరి చేతికి అప్పగించాలంటే ఆమెకు నమ్మకం చాలేది కాదు.

ఆమె విశాఖపట్నంలో జీవశాస్త్రం చదివింది. అంతరించిపోతున్న జీవుల మీద పరిశోధన చేసింది. నేర్చుకున్నది పదిమందికీ చెప్పాలని ఆ ఊరు వచ్చింది. బడిలో పిల్లలకూ, వలలు బాగుచేసుకునే పెద్దలకూ తాబేళ్ల గురించి చక్కగా చెప్పేది. కుక్కలూ నక్కలూ తినేయకుండా గుడ్లను ఏరి తెచ్చి, ఒడ్డున కంచె కట్టి, ఇసుకలో పాతిపెట్టేది. సాయం చేస్తామని ఎవరైనా వస్తే మాత్రం వద్దనేది. గుడ్డు తిరగబడితే లోపలి పిల్ల చచ్చిపోతుందని, ఎవరూ ముట్టుకోవద్దని గట్టిగా చెప్పి కంచెకు తాళం వేసేది.

ఒక మాఘమాసంలో ఆమె టైఫాయిడ్‌తో పట్నం ఆసుపత్రిలో చేరింది. అప్పుడే పౌర్ణమి పోటుకు గాలి తోడై సముద్రం ముందుకొచ్చింది. ఊరివాళ్లు కంచె దగ్గర గుమిగూడారు. తాళం పగలగొట్టి గుడ్లు తీద్దామని కొందరన్నారు. తీస్తే మన చేతుల్లోనే చస్తాయేమోనని కొందరు ఆపారు. సుచరితకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. వాళ్లు చూస్తుండగానే నీళ్లు కంచెను ముంచేశాయి.

తిరిగొచ్చాక సుచరిత చేపలమ్మే నూకరత్నాన్ని నిలదీసింది.

"ఇంతమంది ఉండి ఒక్క గుడ్డయినా తీయలేకపోయారా?"

"నువ్వే కదమ్మా ముట్టుకోవద్దన్నావు," అంది నూకరత్నం. "ఎలా పట్టుకోవాలో చెప్పుంటే తీసేవాళ్లం. మాకు మాత్రం బాధ లేదా?"

సుచరితకు కోపం వచ్చింది. కానీ ఇంటికెళ్లి ఆలోచించుకుంటే ఆ కోపం నిలవలేదు. తన మాట విన్నందుకే వాళ్లు గుడ్లను ముట్టుకోలేదు మరి.

మరుసటి ఏడు ఆమే నూకరత్నం ఇంటికి వెళ్లి సాయం అడిగింది. ఊరి ఆడవాళ్లకు గుడ్డు తిరగబడకుండా ఎత్తడం, గుంత తవ్వి పాతడం నేర్పింది. ఎవరి చేతిలో గుడ్డు కాస్త ఒరిగినా ఆమె అందుకోబోయేది. మొదట్లో కొన్ని గుడ్లు పాడయ్యాయి కూడా. అయినా ఆ పనిని వాళ్ల చేతుల్లోంచి మధ్యలో లాక్కోలేదు. కాపలా వంతులు ఊరివాళ్లే వేసుకున్నారు.

ఆ పై ఏడు సుచరిత మరో పల్లెలో పాఠం చెబుతుండగా నూకరత్నం ఫోన్ చేసింది.

"ఈ పొద్దు పిల్లలు బయటికొచ్చాయమ్మా. నీ కోసం ఆపలేదు. మేమే సముద్రంలోకి వదిలేశాం."

"మంచి పని చేశారు," అంది సుచరిత.

మంచి పనిని ఒక్కరే పట్టుకుని కూర్చుంటే అది వాళ్లతోనే ఆగిపోతుంది. నేర్పి, నమ్మి అప్పగిస్తేనే నిలుస్తుంది.