దాలమ్మ రాళ్ళకుప్ప

కొండలకి ఇంకా పేర్లు పెట్టని రోజులవి. ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో ప్రతి ఏడూ నూర్పిళ్ళయ్యాక ఇసకలో పోటీ పెట్టేవారు. మగాళ్ళు ఈటె విసిరేవారు, రొట్టె అంత రాతిబిళ్ళ విసిరేవారు. ఎవరిది అందరికంటే దూరం పోతే, అది పడ్డచోట రాయి పాతి, డప్పు కొట్టి, వాడి పేరు మూడుసార్లు పిలిచేవారు.

మరి ఆడపిల్లలో? విసిరినవన్నీ పరిగెత్తి ఏరి తెచ్చేవారు. అంతే.

ఆ ఏరేవాళ్ళలో దాలమ్మ ఒకతి. సున్నపు బట్టీలో రాళ్ళు మోసేవాళ్ళ పిల్ల. ఒకనాడు ఇసక కాలిపోతుంటే నడవలేక, ఏరిన ఈటెను ఉన్నచోటినుంచే వెనక్కి విసిరేసింది. అది మగాళ్ళు నిలబడి విసిరే గీత దాటింది, వాళ్ళ నెత్తిమీదుగా పోయింది, పోయి ఊరిపెద్ద గొడుగులో గుచ్చుకుంది!

"ఎవడ్రా అది?"

"నేనే పెద్దయ్యా. కాళ్ళు కాలుతున్నాయి."

అందరూ నవ్వారు. "అయితే వచ్చే ఏడు నువ్వూ విసురే," అన్నాడు ఊరిపెద్ద, వేళాకోళానికి. పిచ్చితల్లి, నిజమే అనుకుంది.

మొదటి ఏడు ఈటె విసిరింది. అందరి రాళ్ళూ దాటింది. రాయి పాతారు. డప్పు మోగింది. పేరు పిలిచారు. ఎవరి పేరు? వాళ్ళ నాన్న పేరు!

"పెద్దయ్యా, విసిరింది నేను కదా?"

"ఆడదాని పేరున రాయి ఉండదే పిల్లా."

రెండో ఏడుకి పెళ్ళయింది. బిళ్ళ విసిరింది. అందరి రాళ్ళూ దాటింది. రాయి పాతారు. డప్పు మోగింది. పేరు పిలిచారు. ఎవరి పేరు? మొగుడి పేరు! ఆ పూట అతను ఏట్లో వల వేసుకుంటున్నాడు పాపం. "నేనెప్పుడు విసిరానే?" అని ఇంటికొచ్చి అడిగాడు.

మూడో ఏడు వచ్చేసరికి నాన్న పోయాడు, మొగుణ్ణి ఏరు తీసుకుపోయింది. అయినా వచ్చింది. ఈటె విసిరింది, బిళ్ళ విసిరింది. రెండూ తుమ్మచెట్టు దాకా పోయాయి. అంతదూరం ఎవరూ ఎన్నడూ విసరలేదు.

రాయి పాతలేదు. డప్పు మోగలేదు.

"ఎవరి పేరు పిలవనే? నీకు మగదిక్కే లేదాయె," అన్నాడు ఊరిపెద్ద.

"నాకు నా పేరుంది కదా పెద్దయ్యా!"

ఆయన గొడుగు ముడుచుకుని వెళ్ళిపోయాడు. చెయ్యి ఆమెదేనట, చెమట ఆమెదేనట, పేరొక్కటే ఆమెది కాకూడదట! ఎన్నిసార్లు చెప్పినా ఇక్కడికొచ్చేసరికి నాకు ఒళ్ళు మండిపోతుంది.

జుట్టు నెరిసేదాకా విసురుతూనే ఉంది దాలమ్మ. ఆమె పేరున ఒక్క రాయీ పాతలేదు. అలాగే పోయింది.

పోయిన మర్నాడు, ఈటెలు ఏరే ఆడాళ్ళందరూ తలో రాయి పట్టుకుని తుమ్మచెట్టు వైపు నడిచారు. ఊరిపెద్ద కొడుకు అడ్డం వచ్చాడు.

"ఎప్పటి మాట! ఆమె విసిరింది ఎక్కడ పడిందో మీకెలా తెలుసు?"

"ఏరింది మేం కాదేటి బాబూ?" అంది ఒక ముసలమ్మ.

అతను పక్కకి తప్పుకున్నాడు. రాళ్ళు పేర్చారు. డప్పు ఇవ్వలేదని కంచాలు వాయించారు. "దాలమ్మా! దాలమ్మా! దాలమ్మా!" అని పిలిచారు.

తరవాత ఏరు పక్కకి జరిగింది. మగాళ్ళ రాళ్ళు ఇసకలో కూరుకుపోయాయి. దాలమ్మ కుప్ప మాత్రం పెరుగుతూనే ఉంది. ఇప్పటికీ ఆ వైపు ఆడపిల్ల పుడితే, తల్లి ఒక రాయి తెచ్చి కుప్పమీద పెట్టి, బిడ్డ పేరు మూడుసార్లు గట్టిగా పిలుస్తుంది. దారిన పోయేవాళ్ళెవరైనా ఆగి, "ఎవరి పిల్లమ్మా?" అని అడిగితే, తల్లి బిడ్డ చెయ్యి పైకెత్తి చూపించి, నాలుగోసారి ఆ పిల్ల పేరే చెబుతుంది.